పెద్ద బాక్సు కంటే ముందు చిన్న యాంప్



పోయిన నెల పెద్దల కూడికలో ఒక మాట వచ్చింది. పంట చేతికొచ్చిన రెండు కుటుంబాలవారు కృతజ్ఞత కానుక ఇచ్చారు. దానితో మందిరానికి వంద వాట్ల పెద్ద గిటార్ యాంప్ కొందామని కొందరు అన్నారు. పక్క మండలంలో ఒక సంఘంలో అలాంటిది ఉందట, ఆరాధన అదిరిపోతోందట. మేము వద్దన్నాము. ఎందుకు వద్దంటున్నామో చెప్పబోతుండగా కరెంటు పోయింది, వాన మొదలైంది, అందరూ చెప్పులు వెతుక్కుంటూ లేచారు. ఆ రోజు చెప్పలేనిది ఇప్పుడు రాస్తున్నాము.

మా అభిప్రాయం ఇది. మందిరంలో మోగే పెద్ద బాక్సు కంటే ముందు, పిల్లలు ఇళ్లలో సాధన చేసుకోవడానికి ఇంకొక చిన్న మోడలింగ్ యాంప్ కొనాలి. అది ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి తిరగాలి. పెద్దది తర్వాత చూద్దాం. అసలు అవసరమైతేనే చూద్దాం.

ఈ అభిప్రాయం మాకు ఊరికే రాలేదు. ఒక తప్పు చేసి నేర్చుకున్నాము. ఆ తప్పులో సంఘానికీ కొంత భాగం ఉంది గనుక దాచకుండా చెబుతాము. ఆ తమ్ముడి అనుమతి తీసుకునే రాస్తున్నాము. పేరు మాత్రం రాయము.

మన సంఘంలో గిటార్ వాయించే ఆ తమ్ముడు తాపీ పనికి వెళతాడు. సాయంత్రం ఏడుకు ఇంటికొచ్చి, స్నానం చేసి, అన్నం తిని, ఎనిమిదిన్నరకు మందిరానికి వచ్చేవాడు. మూల గదిలో ఉన్న పాత బాక్సుకి గిటార్ తగిలించి పదిన్నర దాకా వాయించుకునేవాడు. మందిరం గోడకీ పక్కింటి గోడకీ మధ్య రెండు మూరల సందు. ఆ ఇంట్లో పదో తరగతి చదివే అమ్మాయి, వెనకింట్లో ఆయాసంతో బాధపడే పెద్దాయన. వాళ్లు మన సంఘస్థులు కారు. ఒక రోజు ఆ అమ్మాయి తండ్రి మా దగ్గరకు వచ్చాడు. గొడవకు రాలేదు. "అయ్యగారూ, మీ పాటలంటే మాకేం కోపం లేదు. కానీ పాట వినడం వేరు, ఒకే ముక్క నలభై సార్లు వినడం వేరు. పిల్లకి పరీక్షలు" అన్నాడు.

ఆయన అన్నది న్యాయమే. సాధన అంటేనే ఒకే ముక్కను నలభై సార్లు వాయించడం. అది వాయించేవాడికి మేలు, వినేవాడికి శిక్ష. మేము తమ్ముణ్ణి పిలిచి, "చీకటి పడ్డాక మందిరంలో వాయించొద్దు బాబూ, ఆదివారం కాస్త ముందుగా వచ్చి చూసుకో" అన్నాము. "సరే అయ్యగారూ" అన్నాడు. సమస్య తీరిపోయిందనుకున్నాము. నిజానికి వాడికి వారంలో ఉన్న ఒక్క సాధన సమయాన్నీ తీసేశాము.

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం కొత్త పాట పెట్టారు. పాడే సహోదరి గొంతుకు ఎక్కువైందని కీబోర్డు తమ్ముడు అప్పటికప్పుడు స్కేల్ మార్చాడు. కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కితే చాలు. గిటార్ మీద అలా కుదరదు, చెయ్యి మారాలి, కార్డ్స్ మారాలి. రెండో చరణంలో గిటార్ ఒక దారి, కీబోర్డు ఒక దారి అయ్యాయి. పాట ఆగిపోయింది. ముందు వరుసలోని ఒక పెద్దాయన అందరికీ వినపడేలా, "రానప్పుడు పట్టుకోవడం ఎందుకు?" అన్నారు. మేము పల్పిట్ దగ్గరే ఉన్నాము. ఏమీ అనలేదు.

తమ్ముడు గిటార్ గోడకు ఆనించి వెళ్లి వెనక చాప మీద కూర్చున్నాడు. తర్వాత మూడు ఆదివారాలు రాలేదు.

నాలుగో వారం మేము వాళ్ల ఇంటికి వెళ్లాము. ఒకటే గది. మంచం మీద నాయనమ్మ, కింద చెల్లెలు, తల్లిదండ్రులు వరండాలో. వాడు సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్న ఎలక్ట్రిక్ గిటార్ మేకుకు వేలాడుతోంది. "ఎందుకు రావడం లేదు బాబూ?" అన్నాము. "నన్ను ఎక్కడ నేర్చుకోమంటారు అయ్యగారూ?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు.

ఎలక్ట్రిక్ గిటార్‌ను దేనికీ తగిలించకుండా వాయిస్తే దోమ రొద అంత వినపడుతుంది. అది వినడానికి పిల్లలు తీగను గట్టిగా కొడతారు. ఆ గట్టి చెయ్యే అలవాటైపోతుంది. ఆదివారం బాక్సుకి తగిలించగానే ఆ చెయ్యి అంతా బరబరమని మోగుతుంది. అంటే మేము ఇంట్లో వాయించుకోమని చెప్పినా వాడికి అది సగం సాధనే.

ఆ సంక్రాంతికి మన సంఘంలోని ఒక కుటుంబం అల్లుడు విశాఖపట్నం నుంచి వచ్చాడు. ఆయన వెంట ఒక చేత్తో మోసుకెళ్లగల చిన్న యాంప్ ఉంది. రాత్రి పదకొండుకు ఇంట్లో అందరూ నిద్రపోతుంటే ఆయన హెడ్‌ఫోన్స్ తీసి మా చెవులకు పెట్టాడు. గదిలో తీగల చిన్న టిక్‌టిక్ తప్ప ఏ శబ్దమూ లేదు. మా చెవుల్లో మాత్రం పెద్ద హాలులో వాయిస్తున్నంత నిండుగా గిటార్. మాకు గిటార్ పెద్దగా రాదు. అయినా అప్పుడే మాకు తమ్ముడి ప్రశ్నకు జవాబు దొరికింది.

ఇక ఆ పెట్టెలో ఏముందో పెద్దవాళ్లకు అర్థమయ్యేలా చెబుతాము.

ఎలక్ట్రిక్ గిటార్ శబ్దంలో సగం గిటార్‌ది, సగం యాంప్‌ది. ఈ యాంపులు 1950ల్లో, 60ల్లో అమెరికాలో, ఇంగ్లండ్‌లో తయారైనవి. ఫెండర్ ట్విన్ రివర్బ్, వాక్స్ ఏసీ30, మార్షల్ లాంటివి. బీటిల్స్ వాక్స్ మీద వాయించేవారు. వాటి లోపల పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వులు ఉంటాయి. ఆ వాల్వులను గట్టిగా పని చేయిస్తేనే అందరూ ఇష్టపడే ఆ వెచ్చటి శబ్దం వస్తుంది. గట్టిగా పని చేయిస్తే వీధంతా మోగుతుంది. ఇంట్లో వాయించుకునేవాడికి ఇదే చిక్కు. మెల్లగా పెడితే రుచి ఉండదు, గట్టిగా పెడితే ఊరు ఊరుకోదు.

1990ల్లో కంప్యూటర్ చిప్పులు చవకయ్యాక దీనికి మార్గం దొరికింది. గిటార్ నుంచి వచ్చే సన్నని కరెంటును అంకెలుగా మార్చి, పాత యాంప్ వాల్వులు, టోన్ నాబులు, స్పీకర్ ఆ శబ్దాన్ని ఎలా మారుస్తాయో లెక్క కట్టి, మళ్లీ శబ్దంగా బయటికి ఇవ్వడం. దీన్నే మోడలింగ్ అంటారు. లైన్ 6 అనే కంపెనీ 1996లో ఇలాంటి యాంప్ తెచ్చింది. 1998లో రాజ్మా గింజ ఆకారంలో పాడ్ అనే ఎర్రటి చిన్న పెట్టె తెచ్చింది. అప్పట్లో అది స్టూడియోల వస్తువు. ఇప్పుడు అదే పని చేసే పెట్టె తాపీ పని చేసే తమ్ముడి అందుబాటులోకి వచ్చింది.

కీబోర్డులో వేణువు బటన్ నొక్కితే వేణువు వినపడుతుంది కదా, ఇదీ అంతేనా అని ఒక అమ్మమ్మ అడిగింది. కొంచెం తేడా ఉందమ్మా. కీబోర్డు చాలా వరకు ముందే రికార్డు చేసిన శబ్దాన్ని వినిపిస్తుంది. ఇది మన చేతి శబ్దాన్నే తీసుకుని మారుస్తుంది. చెయ్యి మెల్లగా పడితే మెల్లగా, తప్పు పడితే తప్పుగానే వినిపిస్తుంది. ఆ నిజాయితీ వల్లే ఇది నేర్చుకునేవాడికి పనికొస్తుంది.

ఆ అల్లుడి సలహాతో మేము వాడిన ఫెండర్ ముస్టాంగ్ ఎల్‌టీ25 ఒకటి 9,000 రూపాయలకు తీసుకున్నాము. 25 వాట్లు, ఎనిమిది అంగుళాల ఒక్క స్పీకర్, హెడ్‌ఫోన్స్ పెట్టుకునే రంధ్రం, ఫోన్ పాట తగిలించే ఆక్స్ రంధ్రం, లోపలే ట్యూనర్. తమ్ముడు 2,000 ఇచ్చాడు, మేము 3,000 వేసుకున్నాము. మిగతా 4,000 ఆ రోజు ముందు వరుసలో మాట అన్న పెద్దాయనే తెచ్చి మా చేతిలో పెట్టారు. "వాడికి చెప్పకండి" అన్నారు. మేము చెప్పాము. చెప్పకపోతే ఆ గాయం మానేది కాదు.

ఇప్పుడు వాట్ల సంగతి. కూడికలో చాలామంది వంద వాట్లంటే పది వాట్ల కంటే పది రెట్లు గట్టిగా మోగుతుందనుకుంటున్నారు. అలా కాదు. మన చెవికి రెండింతలు గట్టిగా అనిపించాలంటే దాదాపు పది రెట్లు కరెంటు శక్తి కావాలి. అంటే వంద వాట్లది పది వాట్ల దానికంటే చెవికి సుమారు రెండింతలే. ఇంకో మాట. చాలా గిటార్ స్పీకర్లు ఒక్క వాటు అందితేనే మీటరు దూరంలో 90 డెసిబెల్స్ దాటి మోగుతాయి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బయటికి మైకు పెట్టకూడదు. ఒక్క వాటుకే హద్దు దాటే చోట వంద వాట్లు ఏం చేసుకుంటాం? రేకుల కప్పు కింద ఎనభై మంది కూర్చునే మన మందిరంలో అంత పెట్టెను రెండో గీత దాటి తిప్పే పని కూడా ఉండదు.

పక్కింటివాళ్లకు నిద్ర ఇవ్వడం కూడా మన సాక్ష్యంలో భాగమే. మన పాట విని దేవుణ్ణి తలచుకోవాల్సినవాళ్లు మన పాట విని తలుపులు వేసుకుంటే, ఆ పాట ఎంత బాగా వాయించినా నష్టమే.

దావీదు సంగతి మీకు తెలుసు. మొదటి సమూయేలు పదహారో అధ్యాయంలో, సౌలుకు మనశ్శాంతి లేనప్పుడు ఒక పనివాడు బేత్లెహేములో చక్కగా వాయించే కుర్రవాడు ఉన్నాడని చెబుతాడు. రాజు దగ్గరకు వెళ్లేనాటికే వాడికి వాయించడం వచ్చు. ఎప్పుడు నేర్చుకున్నాడో, ఎన్ని రాత్రులు తప్పులు వాయించాడో గ్రంథం చెప్పదు. గొర్రెల దగ్గర వాడికి స్థలం ఉంది, కోప్పడేవాళ్లు లేరు. మొదటి దినవృత్తాంతములు ఇరవై ఐదో అధ్యాయంలో దేవాలయ గాయకుల లెక్క 288 అని ఉంది, వాళ్లు నేర్పు పొందినవారని ఉంది. నేర్పు పొందాలంటే నేర్చుకునే చోటు ఉండాలి. మనం మన పిల్లలకు ఆ చోటు ఇవ్వకుండా ఆదివారం నేర్పు మాత్రం అడిగాము. మేము చేసిన తప్పు అదే.

ఇక ఈ పెట్టె మీద వచ్చిన అభ్యంతరాలకు వద్దాము. అవి తీసిపారేయవలసినవి కావు.

మొదటిది, ఇది అసలు శబ్దం కాదు, నకలు అని. నిజమే. అసలు వాల్వు యాంప్ ముందు నిలబడి వాయిస్తే ఛాతీకి తగిలే గాలి ఈ ఎనిమిది అంగుళాల స్పీకర్ ఇవ్వదు. కానీ మనవాడు నేర్చుకోవలసింది కార్డ్ మారేటప్పుడు తాళం తప్పకుండా ఉండడం. దానికి ఈ నకలు చాలు.

రెండోది, ఫోన్లోనే ఇలాంటి యాప్స్ ఉన్నాయి కదా, డబ్బు ఎందుకు అని. కొన్నాళ్లు ప్రయత్నించాము. చవక ఫోన్లలో తీగ మీటిన కాసేపటికి శబ్దం వస్తుంది. పైగా మధ్యలో మెసేజ్ వస్తే సాధన అక్కడితో సరి. పెట్టెకు మెసేజ్‌లు రావు.

మూడోది అసలైన అభ్యంతరం. ఇన్ని రకాల శబ్దాలుంటే పిల్లలు నాబులు తిప్పుకుంటూ కూర్చుంటారని. ఇది మాకు స్వయంగా తెలుసు. పెట్టె మా ఇంటికొచ్చిన మొదటి రాత్రి "ఒక్క నిమిషం చూద్దాం" అని మొదలుపెట్టి ఒంటిగంట దాకా ఒకదాని తర్వాత ఒక శబ్దం మార్చుతూ కూర్చున్నాము. ఒక్క పాట కూడా వాయించలేదు. తెల్లారి సిగ్గుపడి ఒక చీటీ రాసి పెట్టెకు అంటించాము. ఆ చీటీలో ఉన్నవే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాము.

మొదట ట్యూనింగ్. తీగ శృతిలో లేకపోతే సాధన తప్పును గట్టిపరుస్తుంది. ట్యూనర్ పెట్టెలోనే ఉంది గనుక సాకు లేదు.

మొదటి ఇరవై నిమిషాలు క్లీన్ శబ్దం ఒక్కటే. గెయిన్ తక్కువ, రివర్బ్ సున్నా. గెయిన్, ఎకో, రివర్బ్ తప్పులను కప్పేస్తాయి. వేలు సరిగ్గా ఆనకపోతే వచ్చే బరక శబ్దం కప్పు లేనప్పుడే వినపడుతుంది. వినపడితేనే దిద్దుకుంటాము.

తర్వాత మెట్రోనోమ్. ఫోన్లో ఉచితంగా దొరుకుతుంది. నిమిషానికి అరవై దెబ్బలు పెట్టి ఆదివారం పాటలోని కష్టమైన రెండు కార్డ్స్ మాత్రమే మార్చుతూ పది నిమిషాలు. అదే పాటను ఒకసారి సహోదరులు పాడే స్కేల్‌లో, ఒకసారి సహోదరీలు పాడే స్కేల్‌లో. కాపో పెట్టుకోవడం తప్పు కాదు. ఎక్కడ పెట్టాలో ముందే తెలిసి ఉండాలి, అంతే.

హెడ్‌ఫోన్స్ వైరుతో ఉన్నవే వాడండి. బ్లూటూత్ వద్దు. ఎందుకంటే శబ్దం ఒక మిల్లీ సెకనులో సుమారు 34 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. పెట్టె లోపల లెక్క కట్టడానికి పట్టే కొన్ని మిల్లీ సెకన్లు, బాక్సుకు మీటరు, రెండు మీటర్ల దూరంలో నిలబడ్డట్టు మాత్రమే అనిపిస్తాయి. బ్లూటూత్ హెడ్‌సెట్ మాత్రం పదో వంతు సెకను, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఆలస్యం చేస్తుంది. చెయ్యి ఒక చోట, శబ్దం ఒక చోట అవుతుంది. తాళం నేర్చుకోవలసినవాడు తాళం తప్పడం నేర్చుకుంటాడు.

చెవులు జాగ్రత్త. పెద్దవాళ్లు వారానికి 40 గంటలు వింటే 80 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. శబ్దం మూడు డెసిబెల్స్ పెరిగితే సురక్షితమైన సమయం సగమైపోతుంది. హెడ్‌ఫోన్స్‌లో పక్కింటివాళ్లు కోప్పడరు గనుక పెంచుకుంటూ పోవాలనిపిస్తుంది. పక్కన మనిషి మామూలుగా పిలిస్తే వినపడేంతలో ఉంచండి.

దీనికి కీబోర్డు తగిలించొద్దు. ఈ స్పీకర్ గిటార్ కోసం చేసింది, కీబోర్డు రిథమ్‌లోని లోతైన దెబ్బలకు అది తట్టుకోదు. ఇక బాక్సు ఏదైనా, మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్నును విరగ్గొట్టి రెండు పిన్నుల రంధ్రంలో దూర్చే పని ఎవరూ చేయొద్దు. గిటార్ తీగలు లోపల ఎర్త్‌కే కలిసి ఉంటాయి. ఎర్త్ సరిగ్గా లేని చోట తీగ మీద చెయ్యి, మైకుకు పెదవి తగిలితే షాక్ కొడుతుంది. బరబర శబ్దం వస్తోందంటే ముందు వైరింగ్ చూపించండి.

చివరిగా, మాకు అన్నిటికంటే నచ్చిన ఉపాయం. ఇది మేము చెప్పింది కాదు, తమ్ముడే కనిపెట్టాడు. యూట్యూబ్‌లో పాట పెట్టుకుని సాధన చేస్తే మందిరంలో కుదరడం లేదని వాడు గమనించాడు. అక్కడ పాట వేగంగా పోతుంది. మన అమ్మమ్మలు చరణం చివర సాగదీస్తారు, ఊపిరి తీసుకుంటారు, తర్వాతే పల్లవికి వస్తారు. అందుకని ఆదివారం మన సంఘం పాడుతుంటే ఫోన్లో రికార్డు చేసుకుని, రాత్రి ఆక్స్ వైరుతో పెట్టెకు తగిలించి, ఆ పాటతోనే వాయించుకుంటున్నాడు. అంటే రాత్రి తొమ్మిదింటికి ఆ ఒక్క గది ఇంట్లో, నాయనమ్మ పక్కనే నిద్రపోతుండగా, ఆ నాయనమ్మ గొంతు వాడి చెవిలో పాడుతోంది. ఈ సంగతి వాడు చెప్పినప్పుడు మేము కాసేపు మాట్లాడలేకపోయాము.

దాని వల్ల వాడికి ఇంకొకటి తెలిసింది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం రాసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరిగారి కాలంనాటి ఆ కీర్తనలు గిటార్ కార్డ్స్ కోసం కట్టినవి కావు. ప్రతి మాటకూ ఒక కార్డ్ మార్చితే రాగం నలిగిపోతుంది. ఇప్పుడు వాడు అలాంటి పాటలకు తంబూరాలా రెండు తీగల శృతి మాత్రమే పట్టి ఉంచుతున్నాడు. పెద్దవాళ్లు మళ్లీ గొంతెత్తి పాడుతున్నారు. మీరు గమనించే ఉంటారు.

ఇంకో ఇంటి సంగతి కూడా చెప్పాలి. మంగళ, బుధవారాల్లో ఆ పెట్టె ఇంటర్ చదువుతున్న ఒక చెల్లి దగ్గర ఉంటుంది. ఆమెకు గిటార్ మీద రెండేళ్లుగా ఆశ. రాత్రిపూట మందిరానికి వచ్చి మగపిల్లల మధ్య నేర్చుకోవడానికి ఇంట్లో పంపరు. పంపకపోవడాన్ని మేము తప్పు పట్టలేము. పెట్టె ఇంటికి వెళ్లింది గనుక తల్లి పక్కన కూర్చుని పూలు కడుతుంటే ఆమె నేర్చుకుంటోంది. వంద వాట్ల బాక్సు మందిరం మూల నుంచి కదలదు. అది ఆ చెల్లి ఇంటికి ఎన్నటికీ వెళ్లదు. మేము చిన్న పెట్టె వైపు ఉండడానికి ఇంకో కారణం అక్కర్లేదు.

ఇప్పుడు వాయించాలని అడుగుతున్నవాళ్లు నలుగురు. పెట్టె ఒక్కటి. వారానికి ఏడు రోజులు. అందరికీ రెండేసి రోజులు రావడం లేదు. అందుకే రెండోది కావాలంటున్నాము. కొత్తదే కానక్కర్లేదు. కరెంటు ఎక్కువగా పోయే వీధివాళ్ల కోసం గిటార్‌కే నేరుగా గుచ్చుకుని చార్జింగ్‌తో నడిచే ముస్టాంగ్ మైక్రో లాంటి చిన్నవి కూడా ఉన్నాయి. వాటికి స్పీకర్ ఉండదు, హెడ్‌ఫోన్స్ మాత్రమే. ఒంటరి సాధనకు అదీ సరిపోతుంది. ఏది తీసుకున్నా పుస్తకంలో రాసి ఇద్దాం, రాసి తీసుకుందాం. వైరు తెగితే తెంపినవాళ్లు కాదు, సంఘమే బాగు చేయిస్తుంది. ఖర్చవుతుందన్న భయంతో ఏ పిల్లా పెట్టెను ముట్టుకోవడం మానకూడదు.

మిగిలిన కానుకతో మందిరం వైరింగ్‌కు ఎర్త్ వేయిద్దాం. అది ఎవరికీ వినపడదు, కనపడదు. కానీ మైకు పట్టుకునే ప్రతి బిడ్డకూ అది రక్ష.

పెద్ద యాంప్ అడిగిన సహోదరుల మీద మాకు ఏ విరోధమూ లేదు. ఆరాధన బాగుండాలనే వాళ్లు అడిగారు. మేమూ అదే అడుగుతున్నాము. అయితే ఆదివారం ఒక గంట బాగుండాలంటే మిగతా ఆరు రాత్రులు పిల్లలకు సిగ్గుపడకుండా తప్పులు వాయించుకునే చోటు ఉండాలి. ఆ రాత్రి తమ్ముడి ఇంట్లో మాకు జవాబు లేని ప్రశ్న ఒకటి ఎదురైంది. ఇంకో బిడ్డ చేత మనం ఆ ప్రశ్న అడిగించుకోకూడదు.

వచ్చే నెల మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక దీని మీద మళ్లీ కూర్చుందాం. దూరంలో ఉన్నవాళ్లు మీ అభిప్రాయం ఇంటివాళ్లతో చెప్పి పంపండి. మీ ఇంట్లో మూలన పడి ఉన్న గిటార్, పని చేసే హెడ్‌ఫోన్స్ ఏవైనా ఉంటే ఆ రోజు తీసుకురండి.

ప్రభువు మీ ఇళ్లకు నెమ్మదినీ, మీ పిల్లల చేతులకు నేర్పునూ దయచేయును గాక.